పాత ట్రయంఫ్‌లో ఆయిల్ ప్రెషర్ లేదా? పంపును తిట్టే ముందు ఇవి చూడండి

మన దగ్గర పాత బండి అనగానే గుర్తొచ్చేది కాస్ట్ ఐరన్ బుల్లెట్. దానికి ఆయిల్ గేజూ లేదు, లైటూ లేదు కాబట్టి ఆ టెన్షనూ లేదు. పాత జావా, యెజ్డిల్లో ఆయిల్ పెట్రోల్‌లోనే కలుస్తుంది కాబట్టి ప్రెషర్ అనే ప్రశ్నే రాదు (వాటికి ఎంత ఉండాలని అడిగేవాళ్లూ ఉన్నారు). ఇక్కడ చెప్పేది ట్రయంఫ్ 650 ట్విన్ అనే రెండు సిలిండర్ల బ్రిటిష్ బండి గురించి. 1963 నుంచి వచ్చిన, ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే కేసులో ఉండే యూనిట్ మోడల్ అన్నమాట. ప్రెషర్ మీద ఇన్ని పుకార్లు ఇంకే పాత బండి మీదా ఉండవేమో.

ముందు ఆయిల్ దారి తెలియాలి. ట్యాంకు నుంచి పంపుకు, పంపు నుంచి టైమింగ్ కవర్లోకి (ఇంజన్ పక్కన టైమింగ్ గేర్లను మూసే మూత), అక్కడి నుంచి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) చివరి రంధ్రం గుండా బిగ్ ఎండ్లకు, అంటే పిస్టన్ రాడ్లు క్రాంక్‌ను పట్టుకునే బేరింగులకు పోతుంది. ఇది ఫీడు. బేరింగుల నుంచి కారిన ఆయిల్ సంపులో, అంటే ఇంజన్ అడుగున పడుతుంది. పంపులో రెండు ప్లంజర్లు (పైకీ కిందికీ ఆడే కడ్డీలు) ఉంటాయి: ఒకటి ఫీడుకు, రెండోది సంపులోని ఆయిల్‌ని తోడి మళ్లీ ట్యాంకుకు పంపడానికి. ఇది రిటర్న్.

అపోహ: ప్రెషర్ లేదంటే పంపు పోయినట్టే.

వాస్తవం: పంపు తోసేది ఆయిల్‌ని. ఆ ఆయిల్‌కి దారిలో అడ్డు తగిలితే పుట్టేదే ప్రెషర్. ఎక్కడో సందు పెద్దదైతే పంపు బాగున్నా గేజ్ లేవదు. ఈ ఇంజన్లో ఆ సందు ఎక్కువసార్లు కనిపించేది టైమింగ్ కవర్లో, క్రాంక్ ముక్కు దూరే చోట ఉండే చిన్న సీలు దగ్గర. కవర్ బిగించేటప్పుడు సీలు పెదవి క్రాంక్ అంచుకు తగిలి మడత పడుతుంది. బయటికి ఏమీ కనిపించదు, ఒక్క చుక్కా కారదు. బిగ్ ఎండ్లకు పోవాల్సిన ఆయిల్ మాత్రం మడత సందులోంచి టైమింగ్ చెస్ట్‌లోకి (ఆ కవర్ వెనకున్న గేర్ల గదిలోకి) జారిపోతూ ఉంటుంది. నిన్నటిదాకా బాగున్న బండికి కవర్ తీసి పెట్టిన మర్నాడే ప్రెషర్ పోయిందంటే నేను మొదట చూసేది ఈ సీలునే. క్రాంక్ ముక్కుకు ఆయిల్ రాసి, కవర్‌ని వంకర లేకుండా నెమ్మదిగా తోయాలి. సుత్తితో తట్టారా, కొత్త సీలు తెచ్చుకోవాల్సిందే.

దాని తర్వాత గ్యాస్కెట్ పేస్టు. దట్టంగా పూస్తే కవర్ బిగించేటప్పుడు లోపలికి ఉబికి ఆయిల్ రంధ్రాన్ని మూసేస్తుంది. ఈ రంధ్రం చుట్టూ పలచటి పొర చాలు.

ట్యాంకు విప్పి మళ్లీ పెట్టిన బండైతే పైపులు చూడండి. ఫీడు, రిటర్న్ తారుమారు చేయడం అనుభవజ్ఞుల షెడ్లలోనూ జరుగుతుంది. పాత రబ్బరు పైపు లోపల పొర లేచిపోయినా అంతే. బయట గట్టిగానే ఉంటుంది, లోపలి పొర మాత్రం పంపు పీల్చినప్పుడల్లా దారికి అడ్డం పడుతుంది.

అపోహ: ట్యాంకులోకి రిటర్న్ పడుతోంది, రాకర్ల (వాల్వులను నొక్కే చేతుల) దగ్గరా ఆయిల్ ఉంది. కాబట్టి అంతా బాగున్నట్టే.

ఈ ఒక్క మాటను నమ్ముకుని ఎన్ని క్రాంకులు పోయాయో! ట్రయంఫ్‌లో రాకర్లకు ఆయిల్ వెళ్లేది రిటర్న్ లైన్ నుంచే. కాబట్టి అక్కడ తడి కనిపిస్తే తోడే ప్లంజర్ పని చేస్తోందని అర్థం, అంతవరకే. బిగ్ ఎండ్‌కు ఏం చేరుతోందో అది చెప్పదు. నెలల తరబడి నిలబెట్టిన బండిలో ట్యాంకు ఆయిల్ సంపులోకి దిగిపోయి ఉంటుంది. స్టార్ట్ చేయగానే ఆ నిల్వంతా ధారగా ట్యాంకుకు ఎక్కుతుంది, చూసినవాళ్లు సంతోషిస్తారు. రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. రిటర్న్ ప్లంజర్ లావుది కాబట్టి సంపు ఖాళీ అయ్యాక ఆయిల్‌తో పాటు గాలినీ తోడుతుంది. ధార నురగలు కక్కుతూ ఆగి ఆగి పడుతుంటే మంచిదే. పూర్తిగా ఆగిపోయిందంటే ఫీడు రావట్లేదని. ఇంజన్ వెంటనే ఆపేయండి.

అపోహ: రిలీఫ్ వాల్వ్ స్ప్రింగును సాగదీస్తే ప్రెషర్ పెరుగుతుంది.

రిలీఫ్ వాల్వ్ పని ప్రెషర్ హద్దు దాటకుండా ఆపడం, అది కొత్తగా ఏమీ పుట్టించదు. దాని పిస్టన్ చెత్త వల్ల తెరుచుకుని ఇరుక్కుంటే మాత్రం ఆయిల్ అడ్డదారిన పోయి గేజ్ పడిపోతుంది. విప్పి, కడిగి, పిస్టన్ తన బరువుకే జారుతోందా అని చూసి పెట్టండి. స్ప్రింగు జోలికి పోవద్దు.

చిక్కటి ఆయిల్ పోయడం కూడా ఇలాంటి వైద్యమే. గేజ్ ముల్లు లేస్తుంది కానీ చల్లటి ఇంజన్లో ఆయిల్ కదలడమే కష్టమవుతుంది. చాలా బళ్లకు 20డబ్ల్యూ-50 సరిపోతుంది.

అసలు ఎంత ఉండాలి? నడుస్తున్నప్పుడు 65 నుంచి 80 పీఎస్ఐ, స్లోలో 20 నుంచి 25 అని వర్క్‌షాప్ మాన్యువల్ లెక్క. ఇంజన్ బాగా వేడెక్కాకే కొలవాలి. చల్లగా ఉన్నప్పుడు అరిగిన ఇంజనూ గొప్పగా చూపిస్తుంది. 1960ల చివరి మోడళ్ల నుంచి వచ్చిన హెచ్చరిక లైటును మాత్రం నమ్మి ఇంజన్ విప్పకండి. స్విచ్చి పాడైనా ఆ లైటు వెలుగుతుంది. స్విచ్చి తీసి, ఆ రంధ్రానికి మంచి మెకానికల్ గేజ్ తగిలించి చూడండి.

అపోహ: గేజ్ బాగుంటే ఇంజన్ బాగున్నట్టే.

ఇది అన్నిటికంటే ప్రమాదం. క్రాంక్ లోపల స్లడ్జ్ ట్రాప్ అని ఒక గొట్టం ఉంటుంది. ఆయిల్లోని మడ్డి అందులో పేరుకుని ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. గేజ్ కొలిచేది క్రాంక్‌కు ముందున్న ప్రెషర్ని. ట్రాప్ మూసుకుపోతే అడ్డు పెరిగి గేజ్ ఇంకా అందంగా కనిపిస్తుంది, బిగ్ ఎండ్ మాత్రం ఎండిపోతూ ఉంటుంది. కొత్త ఆయిల్ పోసినంత మాత్రాన ఈ మడ్డి కరగదు. కేసు విడదీసి, గొట్టం బయటికి లాగి గీకాల్సిందే. చరిత్ర తెలియని బండి కొన్నారా, గేజ్ ఏం చూపించినా ఈ పని తప్పించుకోకండి.

ఇవన్నీ అయ్యాక కూడా అనుమానం పోకపోతే అప్పుడు పంపు దగ్గరికి రండి. విప్పి, బోర్లలో ఆయిల్ పోసి, బయటికి పోయే రంధ్రాల్లో ఆయిల్ కనిపించేదాకా ప్లంజర్లు నొక్కండి. ఆ రంధ్రాల మీద ఇంకొంచెం ఆయిల్ వేసి ప్లంజర్లను కాస్త పైకి లాగండి. అక్కడి ఆయిల్ మట్టం దిగకపోతే బాల్స్ (ఆయిల్ వెనక్కి పోకుండా ఆపే చిన్న గుండ్లు) సరిగ్గా కూర్చున్నట్టు. దిగితే చతురస్రపు ప్లగ్గులు విప్పి, బాల్, సీటు కడిగి మళ్లీ చూడండి. చాలాసార్లు నలుసంత చెత్తే దొరుకుతుంది. నిలబెట్టిన బండిలో ఆయిల్ సంపులోకి దిగడానికీ తరచుగా కారణం ఈ బాలే. దాన్ని వదిలేసి ఫీడు పైపులో ట్యాపు పెట్టేవాళ్లున్నారు. తెరవడం మర్చిపోయి కిక్ కొడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అంతా బిగించాక నేరుగా స్టార్ట్ చేయకండి. స్పార్క్ ప్లగ్గులు రెండూ తీసి, గేజ్ ముల్లు కదిలేదాకా కిక్ కొట్టి, ఆ తర్వాతే ప్లగ్గులు పెట్టండి.