గల్ఫ్ ఎండకు గడియారంతో కళ్లెం

గల్ఫ్‌లో ఎండాకాలం మధ్యాహ్నాలు ఆరుబయట పని చేయించకూడదన్న రూలు మరీ పాతదేం కాదు. యూఏఈలో అది 2005లో మొదలైంది. ఖతార్‌లో 2007లో వచ్చింది: జూన్ 15 నుంచి ఆగస్టు 31 దాకా, పగలు 11:30 నుంచి 3 గంటల వరకు పని బంద్. సౌదీ, కువైట్, ఒమన్, బహ్రెయిన్‌లలోనూ ఇలాంటివే ఉన్నాయి. తేదీలు, గంటలే తేడా.

రూలు మంచిదే. కానీ ఎండ గడియారం చూసుకుని రాదు. పైగా ఖతార్ రాజధాని దోహా సముద్రం ఒడ్డున ఉంది. గాల్లో తేమ నిండితే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కోస్తా ఉక్కపోత తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నీడలో పెట్టిన మామూలు థర్మామీటరుకు ఈ సంగతి పట్టదు. అందుకే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు, ఎండలో ఉంచిన నల్లగోళం, గాలి వేడి మూడూ కలిపి లెక్కగట్టే డబ్ల్యూబీజీటీ అనే కొలత ఉంది. శిక్షణలో సైనికులు వడదెబ్బకు పడిపోతుంటే అమెరికా సైన్యం కోసం 1950లలో తయారైన లెక్క అది. సైనికుల దగ్గర్నుంచి గల్ఫ్ కూలీల చట్టంలోకి రావడానికి అరవై ఏళ్లు దాటింది.

మధ్యలో ఫుట్‌బాల్ వచ్చింది. 2022 ప్రపంచ కప్‌ను 2010లో ఖతార్‌కు ఇచ్చారు. వేసవిలో ఆడటం కుదరదని 2015లో ఫిఫా టోర్నీని నవంబరు, డిసెంబరుకు జరిపింది. ఆటగాళ్ల కోసం క్యాలెండరే మారింది. దేశంలోని కూలీలందరికీ వర్తించే చట్టం మాత్రం అప్పటికీ 2007 నాటిదే.

2019లో ఒక వైద్య పత్రికలో అధ్యయనం వచ్చింది. 2009–2017 మధ్య ఖతార్‌లో చనిపోయిన 1,300 మందికి పైగా నేపాలీ కార్మికుల మరణాలను పరిశీలిస్తే, 571 గుండె, రక్తనాళాల జబ్బుల కింద నమోదయ్యాయి. వేడి నుంచి సరైన రక్షణ ఉంటే వాటిలో 200 దాకా ఆపగలిగేవారని పరిశోధకుల అంచనా. అదే ఏడాది అంతర్జాతీయ కార్మిక సంస్థ, గ్రీసు పరిశోధకులు కలిసి ఖతార్ పని స్థలాల్లోనే కొలతలు తీశారు.

2021 మే నెలలో కొత్త ఉత్తర్వు వచ్చింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, ఉదయం 10 నుంచి 3:30 వరకు ఆరుబయట పని నిషేధం. అసలు మార్పు ఇంకొకటి: డబ్ల్యూబీజీటీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాల్సిందే.

చట్టం చేరని చోటు మరణ ధ్రువపత్రం. 'సహజ మరణం', 'గుండె ఆగింది' అని రాస్తే అది పనివల్ల జరిగిన చావు కాదు. కంపెనీ పరిహారం కట్టక్కర్లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్లకు ఇలాంటి కాగితాలతో శవపేటికలు ఏళ్లుగా వస్తున్నాయి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో రూ. 5 లక్షల సాయం ప్రకటించింది. అంటే పని చేయించుకున్న దేశం కట్టని డబ్బును కూలీని పంపిన రాష్ట్రం కడుతోంది.