ఎవాన్స్ గ్యాంబిట్: ఎదుటివాళ్లు అనుకున్నట్టు ఆడకపోతే? అపోహలు - వాస్తవాలు

పిల్లలకు చెస్‌లో ఎవాన్స్ గ్యాంబిట్ (బంటును ఎరగా ఇచ్చి దాడికి దిగే ఆరంభం) నేర్పిన మొదటి నెలంతా పండగే. ఇటాలియన్ అనే ఆరంభంలో నాలుగో ఎత్తుకే బీ4 అని బంటు ముందుకు తోస్తారు. ఎదుటివాళ్లు తింటారు, నల్ల రాజు పక్కనున్న ఎఫ్7 గడి మీద దాడి, ఆట కట్టు. తర్వాత ఏదో టోర్నమెంట్‌లో ఒకరు ఆ బంటును ముట్టుకోరు, ఇంకొకరు తిని మళ్లీ ఇచ్చేస్తారు. టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

అపోహ: నల్లవాళ్లు బంటు తినకుండా బిషప్‌ను బీ6కి లాగేస్తే గ్యాంబిట్ వృథా.

వాస్తవం: బంటు పోకుండానే మంత్రి వైపు మీకు చోటు దొరికింది. ఏ4 ఆడండి. తర్వాత ఏ5 పడితే ఆ బిషప్ ఇరుక్కుపోతుంది కాబట్టి నల్లవాళ్లు మామూలుగా ఏ6 ఆడతారు. తొందరపడి బీ5 మాత్రం తోయకండి, గుర్రం ఏ5కి వచ్చి మీ సీ4 బిషప్ మీద పడుతుంది.

అపోహ: మాజీ ప్రపంచ చాంపియన్ లాస్కర్ పేరుతో ఉన్న లాస్కర్ డిఫెన్స్‌తో ఎవాన్స్ కథ ముగిసింది.

వాస్తవం: ముగియలేదు. నల్లవాళ్లు బంటు తిన్న బిషప్‌ను ఏ5లో పెట్టి, డీ6 ఆడి, మీరు క్యాస్లింగ్ (రాజును ఏనుగు చాటుకు భద్రంగా చేర్చడం) చేయగానే బిషప్‌ను బీ6కి తెస్తారు. ఇక మీరు బంటు వెనక్కి తీసుకోవాలంటే రెండు మంత్రులూ బోర్డు మీంచి పోతాయి. దాడి ఉండదు, మీ ఏ, సీ బంట్లు విడివిడిగా మిగులుతాయి. లాస్కర్ ఆలోచనలోని గొప్పతనం అదే. అందుకే నేను క్యాస్లింగ్ ఆపమంటాను. ముందు డీ4, వాళ్లు డీ6 ఆడాక మంత్రి బీ3. ఎఫ్7 కాపాడటానికి నల్ల మంత్రి డీ7కి వస్తే సొంత సీ8 బిషప్ దారే మూసుకుపోతుంది. అప్పుడు రెండో గుర్రాన్ని నింపాదిగా డీ2కి తెచ్చుకోండి.

అపోహ: బంటు తిన్న బిషప్ ఈ7కి వెనక్కి పోయిందంటే నల్లవాళ్లు భయపడ్డట్టే.

వాస్తవం: నా విద్యార్థులను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇదే. మీరు డీ4 అంటే గుర్రం ఏ5కి వస్తుంది. చేతికందిందని ఈ5 బంటు తింటే వాళ్లు మీ సీ4 బిషప్‌ను కొట్టి, డీ5తో హాయిగా బయటపడతారు. 1995లో రీగాలో ఆనంద్ మీద కాస్పరోవ్ ఆ ఆశకు పోలేదు. బిషప్‌ను ఈ2కి తీసి దాచుకున్నాడు, తర్వాత మంత్రిని డీ4కి తెచ్చి జీ7 మీద గురిపెట్టాడు, ఈ5 బంటుతో గుర్రాన్ని తరిమాడు. 25 ఎత్తుల్లో గెలిచాడు. ఆ గేమ్ బోర్డు మీద పెట్టి, కాస్పరోవ్ 12వ ఎత్తుగా క్యాస్లింగ్ చేసిన చోట ఆగి చూడండి. తెల్లవాళ్లకు ఇంకా ఒక బంటు తక్కువే. నల్ల రాజు మాత్రం ఈ8లోనే ఉన్నాడు, అప్పటికే జీ6 ఆడాల్సి రావడంతో హెచ్6 గడి ఖాళీగా తెరుచుకుని ఉంది.