పచ్చిపులుసు లెక్కతో బీరు

"మామా, ఐదు కిలోల మాల్ట్ పోసిన. 1.056 రావాలె, 1.048 వచ్చింది. నా చక్కెర ఏడ పోయింది?"

ఆస్టిన్‌లో ఉండే మా మేనల్లుడు హనుమకొండకు ఫోన్ చేసి, బాగున్నరా అని కూడా అడక్కుండా వేసిన ప్రశ్న ఇది. అమెరికాలో 1978 చట్టం పుణ్యమా అని ఇంటి వాడకానికి బీరు కాచుకోవచ్చు. ఇక్కడ లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ వాళ్లు తలుపు కొడతారు. అందుకని నా వంతు లెక్క మటుకే.

మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. ఇన్నాళ్లూ వాడు దాని చక్కెరను ముందే తీసి చిక్కబరిచి డబ్బాలో అమ్మే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌ను నీళ్లలో కలిపి మరిగించేవాడు. ఈసారి నేరుగా గింజలతో మొదలుపెట్టాడు. కల్లుకు ఈ తిప్పలు లేవు, తాటిచెట్టు చక్కెరను తయారుగానే ఇస్తుంది. ఆదిలాబాద్ అడవుల్లోని ఇప్పపువ్వూ అంతే. బార్లీలో ఉండేది పిండి. గింజ మొలకెత్తినప్పుడు పుట్టే ఎంజైములు 63 నుంచి 68 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు పనిచేసి ఆ పిండిని చక్కెరగా విడగొడతాయి. మొలకల రాగిజావ పలచగా జారడానికి కారణం కూడా ఈ ఎంజైములే.

ఇక లెక్క. నీటి సాంద్రతను 1.000 అనుకుంటే, చక్కెర కరిగిన రసానిది అంతకంటే ఎక్కువ. వాడి 1.048 అదే, హైడ్రోమీటరు అనే తేలే గొట్టం చూపించే అంకె. అందులో చివరి 48ని పాయింట్లు అంటారు. పాయింట్లను లీటర్లతో గుణిస్తే మొత్తం చక్కెరకు ఒక కొలత వస్తుంది. కిలో మాల్ట్‌ నుంచి రాబట్టగలిగే గరిష్ఠం సుమారు 300. ఐదు కిలోలకు 1500, అంటే వాడు కాచిన 20 లీటర్లలో 75 పాయింట్లు. అంత ఎవరికీ రాదు గనుక రెసిపీ 75 శాతం ఎఫిషియన్సీ పట్టుకుని 56 అంది. మావాడికి వచ్చింది 64 శాతం.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. పచ్చిపులుసుకు చింతపండు పిసుకుతున్న మా ఆవిడ అందుకుంది: "నీళ్లన్నీ ఒక్కసారే పోసిండా? పులుపంతా పిప్పిలనే ఉంటది గదా."

ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పిన నాకు ఆ ముక్క ముందు తట్టనందుకు కొంచెం సిగ్గేసింది.

పిప్పిని ఎంత పిండినా కొంత నీరు దాంట్లోనే ఉంటుంది. ఆ నీటి పులుపు, గిన్నెలోకి దిగిన నీటి పులుపు ఒకటే. మాల్ట్ కూడా కిలోకు సుమారు లీటరు నీటిని పట్టేసుకుంటుంది. మావాడు 30 లీటర్లూ ఒకేసారి పోశాడు, 25 కిందికి దిగాయి, 5 పిప్పిలో మిగిలాయి. అంటే ఆరో వంతు చక్కెర అక్కడే ఆగింది. చేతికొచ్చింది 83 శాతం.

అవే 30 లీటర్లను రెండుసార్లుగా పోస్తే? మొదట 17.5 పోసి 12.5 వంచుకోవాలి. పిప్పిలో 5 లీటర్లు, వాటితో 28.6 శాతం చక్కెర మిగులుతాయి. ఇప్పుడు మిగతా 12.5 పోసి, బాగా కలిపి, మళ్లీ 12.5 వంచాలి. ఆ 28.6లో మళ్లీ 28.6 శాతమే ఆగుతుంది, అంటే మొత్తంలో 8 శాతం. నీళ్లు అవే, గింజలు అవే, చేతికొచ్చింది మాత్రం 92 శాతం! మూడుసార్లుగా విడగొడితే 95 దాకా వెళుతుంది, కానీ మూడో కడుగుతో వచ్చేది ఆ మూడు శాతమే. మరీ మరిగే నీళ్లతో అతిగా కడిగితే పొట్టులోని వగరు కూడా దిగుతుంది.

ఎక్స్‌ట్రాక్ట్ అంటే బజారులో దొరికే చింతపండు పేస్ట్ అన్నమాట. పిప్పి ఫ్యాక్టరీలోనే ఆగిపోయింది. స్పూనుడు తీస్తే స్పూనుడూ గిన్నెలోకే. అందుకే ఇన్నాళ్లూ వాడికి ఈ లెక్కతో పనిపడలేదు.

అయితే పిప్పి ఒక్కటే దొంగ కాదు. "గింజలు ఎట్ల పగిలినయ్?" అంటే వీడియో తిప్పి చూపించాడు. గుప్పెడు తీస్తే అందులో పది పన్నెండు గింజలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. చింతపండు ఉండను విడదీయకుండానే నానేసినట్టు! అలాగని గిర్నీలో పట్టించినట్టు మెత్తగా చేసినా చిక్కే, కిందికి చుక్క దిగదు. లోపలి పప్పు రవ్వలా పగలాలి, పొట్టు మాత్రం విడిగా నిలవాలి, ఎందుకంటే వడపోత గుడ్డ అదే. మిల్లులో రెండు రోలర్ల మధ్య సందు ఒక మిల్లీమీటరు అటూఇటూ ఉండాలి. రసంలో పిండి మిగిలిందో లేదో చూడటానికి అయోడిన్ చుక్క చాలు, ఉంటే నల్లనీలం రంగు వస్తుంది.

పిండిలో 80 శాతమే చక్కెరగా మారిందనుకుందాం. నా క్లాసు పిల్లలు ఇక్కడే తప్పు చేసేవాళ్లు. 80, 83 కనిపించగానే సగటు తీసేవాళ్లు. సగటు కాదురా, గుణించాలి. 1500లో 80 శాతం 1200. అందులో ఆరో వంతు పిప్పికి పోతే 1000. మరిగేటప్పుడు మూడు లీటర్లు ఆవిరయ్యాయని వాడు లబలబలాడాడు గానీ, ఆవిరయ్యేది నీరే, చక్కెర కాదు. 22 లీటర్లు చల్లారితే 4 శాతం కుంచించుకుని 21 అవుతాయి, అదీ నష్టం కాదు. అడుగున మడ్డితో వదిలేసిన ఒక్క లీటరే నష్టం. మిగిలింది 952. దాన్ని 20తో భాగిస్తే 48, వాడి హైడ్రోమీటరు చెప్పిన అంకె!

నీళ్ల తేడా అనీ, తన చెయ్యి మంచిది కాదనీ వాడు అప్పటికే తీర్మానించుకున్నాడు. ఆవకాయకు "చెయ్యి మంచిదై ఉండాలె" అంటుంటాం కదా, ఆ మంచి చెయ్యి ఉన్నావిడ కూడా కొలతలు తప్పదంతే. ఒకటి మాత్రం హెచ్చరించాను: రసాన్ని 20 డిగ్రీలకు చల్లార్చి కొలవమని. 60 డిగ్రీల వేడి మీద కొలిస్తే దాదాపు 15 పాయింట్లు తక్కువ చూపిస్తుంది, ఉత్తపుణ్యానికి టెన్షన్.

రెండో కాపుకు సందు తగ్గించి, నీళ్లు రెండుసార్లు పోశాడు. మార్పిడి 95 శాతం పట్టుకుంటే 62 రావాలి. వాడి మెసేజ్‌లో 58 అని ఉంది, కింద ఫొటో. పాత్ర కుళాయి అడుగుకు నాలుగు వేళ్ల పైన బిగించి ఉంది, దాని కింద రసం తళతళలాడుతోంది. ఆ ఫొటో మా ఆవిడకు చూపించాను.

"గిన్నె వంచమను," అంది.