రైట్ క్లిక్ మెనూలో గిట్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే గిట్‌ను రైట్ క్లిక్ మెనూలోకి తేవాలంటే, ఆ పని చేసిపెట్టే టార్టాయిస్‌గిట్ ప్రోగ్రాం లాంటిది వేసుకోక తప్పదు.

రెండు మూడు షార్ట్‌కట్లే కావాలంటే విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీతోనే పని జరిగిపోతుంది. దాన్ని మార్చే రెజ్ఎడిట్ ప్రోగ్రాం తెరిచి హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, క్లాసెస్, డైరెక్టరీ, షెల్ వరుసలో లోపలికి వెళ్లండి. దారిలో ఏ కీ (రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటిది) లేకపోతే అది మీరే చేసుకోండి. షెల్ కింద మీకు నచ్చిన పేరుతో ఒక కీ, దాని లోపల ‘కమాండ్’ అనే ఇంకో కీ. ఈ రెండో పేరు మాత్రం ఇంగ్లిషులోనే ఉండాలి. మొదటి కీ డిఫాల్ట్ విలువే మెనూలో కనబడుతుంది, ‘గిట్ స్థితి’ అని తెలుగులో రాసుకున్నా పర్వాలేదు. రెండోదాని డిఫాల్ట్ విలువలో ఆదేశం: సీఎండీ, స్లాష్ కె, గిట్, హైఫన్ పెద్ద సి, డబుల్ కోట్ల మధ్య శాతం గుర్తుతో పెద్ద వి, చివర స్టేటస్. స్లాష్ కె బదులు స్లాష్ సి రాస్తే కిటికీ ఇలా తెరుచుకుని అలా మూసుకుపోతుంది. కోట్లు మరిచిపోతే పేరులో ఖాళీ ఉన్న ఫోల్డర్ దగ్గర గిట్ సగం దారి చదివి ఆగిపోతుంది.

ఇది కరెంట్ యూజర్ కిందే ఉంటుంది కాబట్టి అడ్మిన్ హక్కులు అక్కర్లేదు.

అపోహ: ఫోల్డర్ మీద వచ్చిన మెనూ, ఫోల్డర్ తెరిచాక ఖాళీ చోట కూడా వస్తుంది.

రాదు. ఆ చోటు వేరు: డైరెక్టరీ కింద బ్యాక్‌గ్రౌండ్, దాని కింద షెల్. అక్కడా అవే కీలు చేయాలి. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే: వేరేచోట కాపీ కొట్టిన ఆదేశంలో శాతం గుర్తు పక్కన 1 ఉంటుంది. ఖాళీ చోట క్లిక్ చేసినప్పుడు ఎంచుకున్న వస్తువే ఉండదు కదా, అది పనిచేయదు. వి అయితే రెండు చోట్లా నడుస్తుంది.

అపోహ: విండోస్ 11 ఇలా చేర్చుకున్న మెనూలను తీసేసింది.

‘షో మోర్ ఆప్షన్స్’ వెనక ఉన్నాయి. షిఫ్ట్ పట్టుకుని ఎఫ్10 నొక్కండి.

అపోహ: ఫైళ్ల ఐకాన్ల మీద ఆకుపచ్చ టిక్కులు కనబడకపోతే టార్టాయిస్‌గిట్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

టార్టాయిస్ వాడేవాళ్ల ఫిర్యాదు ఇది. ఐకాన్ మీద గుర్తులు వేసే ప్రోగ్రాములకు విండోస్ ఇచ్చేది 15 స్థానాలే, అందులో కొన్ని తనకే. మిగతావి పేర్ల అక్షరక్రమంలో పంచుతుంది. అందుకే కొన్ని క్లౌడ్ డ్రైవులు పేరు ముందు ఖాళీలు పెట్టుకుని క్యూలో ముందుకు దూరాయి! వాడని డ్రైవు తీసేస్తే టిక్కులు తిరిగొస్తాయి. ఇన్‌స్టాల్ ఎన్నిసార్లు చేసినా స్థానాలు పెరగవు.

అపోహ: ఫైలు పేరు మార్చాలన్నా మెనూలోని గిట్ ద్వారానే మార్చాలి.

గిట్ లాంటిదే అయిన ఎస్‌వీఎన్‌లో నిజమే. ఎక్స్‌ప్లోరర్‌లో మామూలుగా మారిస్తే పాత ఫైలు ‘మిస్సింగ్’, కొత్తది ‘అన్‌వర్షన్డ్’ అవుతాయి, చరిత్ర తెగుతుంది. గిట్ మాత్రం పేరు మార్పును అసలు రాసుకోదు. పాత, కొత్త ఫైళ్లు కనీసం 50 శాతం పోలి ఉంటే పేరు మారిందని చూసేటప్పుడు తనే పోల్చుకుంటుంది. అందుకే పేరు మార్పునూ, పెద్ద దిద్దుబాట్లనూ ఒకే కమిట్‌లో (ఒకసారి నమోదు చేసే మార్పుల్లో) కలపకండి.

అపోహ: తెలుగు పేర్లున్న ఫైళ్లను గిట్ పాడుచేస్తుంది.

గిట్ స్టేటస్‌లో ‘అ’ బదులు \340\260\205 కనబడితే కంగారు వద్దు, అవి ఆ అక్షరపు మూడు బైట్లు. ఫైలు భద్రంగానే ఉంది. గిట్ కాన్ఫిగ్ గ్లోబల్‌లో కోర్ డాట్ కోట్‌పాత్ విలువను ఫాల్స్ చేయండి. ఆ తర్వాత అక్షరాల చోట ఖాళీ గడులు కనబడితే, ఆదేశాలు నడిచే కిటికీ (కన్సోల్) ఫాంటులో తెలుగు లేదన్నమాట.