మీ ఊరి బ్యాండ్ మీ ప్లేలిస్ట్‌లోకి ఎందుకు రాదు? కొన్ని అపోహలు, వాస్తవాలు

పాటల్ని సిఫార్సు చేసే సిస్టమ్‌లు తయారుచేయడం నా పని. ఈమధ్య ఎక్కువగా చేస్తున్నది, వినేవాళ్ళకి వాళ్ళ ఊళ్ళోనే ఉన్న గాయకుల్ని, బ్యాండ్‌లని పరిచయం చేయడం. ఈ సంగతి చెప్పగానే అందరూ దాదాపు ఇవే మాటలంటారు.

అపోహ: పాట బాగుంటే అల్గారిథమే పైకి తెస్తుంది.

వాస్తవం: బాగుందో లేదో దానికేం తెలుసు? ఎక్కువగా వాడే కొలాబరేటివ్ ఫిల్టరింగ్ అనే పద్ధతి అసలు పాట వినదు. ఎవరెవరు ఏమేం విన్నారో చూసి, మీలాంటి అభిరుచి ఉన్నవాళ్ళు విన్నవి మీ ముందు పెడుతుంది, అంతే. 1994లోనే ఎంఐటీలో రింగో అనే సిస్టమ్ ఈమెయిల్‌లో రేటింగులు తీసుకుని ఇదే పని చేసింది. మరి మీ పాట విన్నది ఎనభై మందే అయితే పోల్చి చూడ్డానికి సరుకెక్కడిది? మేం దీన్ని కోల్డ్ స్టార్ట్ అంటాం, మామూలు భాషలో పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు.

2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. పెద్దగా ఎవరికీ తెలియని 48 పాటలు, 14 వేల మందికి పైగా శ్రోతలు. వాళ్ళని గుంపులుగా విడదీసి, చాలా గుంపుల్లో ఎవరి గుంపు డౌన్‌లోడ్ లెక్కలు వాళ్ళకి మాత్రమే చూపించారు. ఒక గుంపులో మొదటి స్థానంలో నిలిచిన పాట ఇంకో గుంపులో 40వది అయింది. పాట అదే.

అపోహ: నేనెక్కడున్నానో ఫోన్‌కి తెలుసుగా, పక్కవీధి బ్యాండ్‌ని చూపించడానికేం కష్టం?

వాస్తవం: మీరెక్కడున్నారో తెలుసు, బ్యాండ్ ఎక్కడుందో తెలీదు! రికార్డింగ్‌ని గుర్తుపట్టడానికి ఇచ్చే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్‌లో గాయకుడి ఊరు ఉండదు. అందుకే కచేరీల ప్రకటనలు, గాయకులు తమ గురించి రాసుకున్న పరిచయాలు, మ్యూజిక్‌బ్రెయిన్జ్ లాంటి ఆన్‌లైన్ సంగీత డేటాబేస్‌లలో వాలంటీర్లు నింపిన వివరాలు ఏరుకొచ్చి జత చేసుకుంటాం. ఒకసారి మా లోకల్ లిస్ట్‌లో తెగ వినబడిన బ్యాండ్, తీరా చూస్తే, అదే పేరుతో ఇంకో దేశంలో ఉన్న బ్యాండ్. మా ఊరివాళ్ళ పాట ఒక్కటీ అందులో లేదు.

అపోహ: లోకల్ పాటలకి సిస్టమ్ ఇచ్చే స్కోరు కాస్త పెంచితే సరిపోతుంది.

వాస్తవం: ఈ మాట అనేది మా ఇంజనీర్లే, మొదట్లో నేనూ అన్నాను. కోట్ల పాటల మధ్య పోటీ పెట్టినప్పుడు కొంచెం పెంచితే ఏమీ కదలదు, బాగా పెంచితే మెలోడీ వినేవాడి నెత్తిన హెవీ మెటల్ పడుతుంది. పని చేసేది వేరే పద్ధతి. ముందు ఆ ఊరి మూడు నాలుగు వందల మంది కళాకారుల్ని పక్కకి తీసి, వాళ్ళలో వాళ్ళకే పోటీ పెట్టి, అభిరుచిని బట్టి వరస కట్టాలి. ఎవరు విన్నారన్న డేటా లేని కళాకారుల విషయంలో శబ్దాన్నే చదవాలి, ఆడియోని బట్టి ఆ పాట ఏ పాటల పక్కన చేరుతుందో అంచనా వేయొచ్చని 2013లోనే పరిశోధన వచ్చింది. ఎవరితో కలిసి వేదిక ఎక్కుతున్నారన్నది కూడా మంచి ఆధారం, నా లెక్కలో ఆడియో కంటే ఇదే నమ్మకమైనది.

అపోహ: మన ఊరివాళ్ళని చెబితే జనం వినేస్తారు.

వాస్తవం: మొదటి పది సెకన్లు వింటారు. నచ్చకపోతే స్కిప్, ఆ స్కిప్ బ్యాండ్ ఖాతాలోనే పడుతుంది. అందుకే ముప్పై పాటల లిస్ట్‌లో ఊరివాళ్ళవి మూడో నాలుగో ఉంటే చాలు.

అపోహ: బంధువులు, స్నేహితుల చేత రోజంతా ప్లే చేయిస్తే అల్గారిథమ్ పట్టుకుంటుంది.

వాస్తవం: పట్టుకుంటుంది, తప్పుగా. స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు రాని పాటకి రాయల్టీ లేదు కాబట్టి ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ మీ బాబాయి రోజూ వినేది పాత మెలోడీలైతే, సిస్టమ్ మీ మెటల్ బ్యాండ్‌ని తీసుకెళ్ళి వాటి పక్కన కూర్చోబెడుతుంది, అక్కడ దాన్ని చూసినవాళ్ళంతా స్కిప్ చేస్తారు. బాబాయిని కచేరీకి పిలవండి, లింక్ మాత్రం మెటల్ వినేవాళ్ళకి పంపండి.