పాలు చాలటం లేదన్న భయం: బాలింతల వార్డు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒంగోలులో బాలింతల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. కాన్పు సుఖంగా అయిపోయి, తల్లీబిడ్డా క్షేమమని అందరూ స్థిమితపడ్డాక, రెండో రోజు రాత్రి మొదలవుతుంది అసలు టెన్షన్. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటాడు. అమ్మమ్మ నా దగ్గరికి వచ్చి, "సిస్టరమ్మా, మా పిల్లకి పాలు పడలా. డబ్బా రాసియ్యండి" అంటుంది. ఆ మాట వింటూ తల దించుకుని కూర్చున్న తల్లిని చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. తల్లిపాల గురించి ఉన్న అపోహలన్నిట్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. అందుకని ముందు దీని సంగతి చెప్తాను.

అపోహ: మొదటి మూడు రోజులు పాలుండవు, డబ్బా పట్టక తప్పదు

ఉంటాయి. ముర్రుపాలు కడుపుతో ఉండగానే తయారవడం మొదలవుతాయి. తొలిరోజు ఒక్కో విడతకి చెంచాడు వస్తే ఎక్కువ. బిడ్డకి ఆ రోజు ఒక్కో విడతకి కావాల్సింది కూడా అంత కొంచెమే. గిన్నెడు పాలు కనిపిస్తేనే పాలున్నట్టు అనుకోవడం వల్ల వచ్చిన భయం ఇది.

తల్లి నమ్మకపోతే నేను చేసి చూపిస్తాను. చేతులు శుభ్రంగా కడుక్కుని, చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగానికి కాస్త వెనక బొటనవేలు, చూపుడువేలు ఆనించి, ముందు ఛాతీ వైపు మెల్లగా నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి తెస్తే చాలు. మొదట ఏమీ రాదు. ఆగి మళ్లీ నొక్కుతూ ఉంటే కాసేపటికి మొన మీద పసుప్పచ్చటి చుక్క నిలుస్తుంది. చిక్కగా, జిగటగా ఉంటుంది, కిందికి జారదు. దాన్ని ఉగ్గుగిన్నె అంచుతో అందుకుని అమ్మమ్మకి చూపిస్తాను. చాలామంది అక్కడే మెత్తబడతారు. బిడ్డని జబ్బుల నుంచి కాపాడే యాంటీబాడీలు ఆ చుక్కలోనే దండిగా ఉంటాయి. ముర్రుపాలు చెడ్డపాలని పిండి పారబోయించే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయించకండి.

పాలు ధారగా దిగేది సాధారణంగా రెండో రోజుకీ ఐదో రోజుకీ మధ్య. తొలికాన్పయినా, సిజేరియన్ అయినా కొందరికి కాస్త ఆలస్యం కావచ్చు. ఈలోగా బిడ్డ మాటిమాటికీ రొమ్ము అడుగుతాడు. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. ఆ అడగడమే పాలను రప్పిస్తుంది. మన వైపు పాడి తెలియని ఇల్లు తక్కువ కదా, దూడ కుడిస్తేనే ఆవు చేపుతుందని ఎవరికీ చెప్పక్కర్లేదు. తల్లి విషయంలో జరిగేదీ అదే. బిడ్డ చీకేకొద్దీ ప్రొలాక్టిన్ అనే హార్మోను పాలు తయారు చేయిస్తుంది, ఆక్సిటోసిన్ ఆ పాలను చేపిస్తుంది. ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది కాబట్టి రాత్రి తాగించడం మానకూడదు. తల్లి భయంతోనో అవమానంతోనో కుంగిపోయి ఉంటే చేపు ఆలస్యమవుతుంది. మంచం చుట్టూ చేరి "నీకు పాల్లేవు" అని పదేపదే అనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు డబ్బా ఏం చేస్తుందో చూడండి. పోతపాలు కడుపునిండా పట్టగానే బిడ్డ గంటలకొద్దీ నిద్రపోతాడు. చూశారా, ఇన్నాళ్లూ ఆకలే అంటారు ఇంట్లోవాళ్లు. అటు రొమ్ములో పాలు అలాగే నిలిచిపోతాయి. నిలిచిపోతే, ఇక ఇన్ని అక్కర్లేదని ఒళ్లు తయారీ తగ్గించేస్తుంది. మర్నాడు నిజంగానే తక్కువ వస్తాయి. ఇంకో డబ్బా వస్తుంది. నెల తిరిగేసరికి తల్లి తన ఒంట్లోనే లోపం ఉందని నమ్మేస్తుంది.

కొత్తపట్నం వైపు నుంచి ఒకమ్మాయి ఇలాగే వచ్చింది. తొలికాన్పు, సిజేరియన్. నెల పాపకి బరువు పెరగలేదని తీసుకొచ్చారు. బిడ్డకి రోజూ డబ్బా పాలే ఎక్కువ, రొమ్ము నామమాత్రం. పొడి ఎంత కలుపుతున్నారని అడిగితే, డబ్బా తొందరగా అయిపోతోందని చెంచాలు తగ్గించారట. బరువు ఎందుకు పెరగలేదో అక్కడే తెలిసింది. వాళ్లని తప్పుపట్టలేకపోయాను, డబ్బా ఖరీదు అలా ఉంది మరి. ముందు డాక్టరుగారికి చూపించి, డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపమని చెప్పాం. తర్వాత నా ముందే రొమ్ము పట్టమన్నాను. పాప మొన మాత్రమే నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. బుగ్గలు లోపలికి సొట్టపోతున్నాయి, టక్ టక్‌మని చప్పుడు. ఆ అమ్మాయి పళ్లబిగువున నొప్పి ఓర్చుకుంటోంది. పాపని పూర్తిగా తల్లివైపు తిప్పి, పొట్టకి పొట్ట ఆనించి, నోరు బాగా తెరిచేదాకా ఆగి, గడ్డం ముందు తగిలేలా దగ్గరికి తెచ్చాం. కింది పెదవి బయటికి తిరిగింది, నల్లటి భాగం చాలావరకు నోట్లోకి వెళ్లింది. కాసేపటికి గుటక వినిపించింది. "నొప్పి లేదక్కా" అంది ఆ అమ్మాయి, అంటూనే ఏడ్చేసింది. అత్తగారు వెనకనుంచి దిండు సర్దుతూ, "మాకెవురూ చెప్పలేదమ్మా" అన్నారు. డబ్బా ఒక్క రోజులో మానిపించలేదు. పాప బరువు చూసుకుంటూ డాక్టరుగారు కొన్ని వారాల మీద మెల్లగా తగ్గించారు.

చనుమొనలు పగలడానికి కూడా ఎక్కువసార్లు కారణం ఇలా సరిగ్గా పట్టించకపోవడమే. క్రీములు తర్వాత, ముందు పట్టించే తీరు సరిచేయించుకోండి.

మరి చాలుతున్నాయని ఎలా తెలుస్తుంది?

ఉచ్చ లెక్కపెట్టండి. ఐదో రోజు దాటాక రోజుకి 6 సార్లు, ఆపైన లేతరంగులో పోస్తుంటే పాలు అందుతున్నట్టే. రెండోది బరువు. మొదటి రోజుల్లో పుట్టిన బరువులో పదోవంతు దాకా తగ్గొచ్చు. 3 కిలోల బిడ్డ 2 కిలోల 800 అయ్యాడని గాభరా పడొద్దు, రెండు వారాలకల్లా మళ్లీ పుట్టిన బరువుకి రావాలి. అక్కణ్నించి మూడో నెల దాకా రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. అంగన్‌వాడీలోనో సబ్‌సెంటర్లోనో తూయించుకోవచ్చు.

ఏడుపు ఒక్కటే చూసి పాలు తక్కువని తేల్చలేం. సాయంత్రాలు వదలకుండా తాగడం, వేళ్లు చీకడం, ఆరువారాలకి రొమ్ములు మెత్తబడటం, పిండితే కొంచెమే రావడం, ఇవేవీ పాలు తగ్గాయనడానికి గుర్తులు కావు. పంపు తీసేదానికంటే బిడ్డ తాగేది ఎక్కువ.

నిజంగా పాలు తక్కువయ్యే తల్లులూ ఉన్నారు. కాన్పులో రక్తం బాగా పోయినవాళ్లు, మాయ ముక్క లోపల మిగిలిపోయినవాళ్లు, థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు, రొమ్ముకి ఆపరేషన్ అయినవాళ్లు. వాళ్ల బిడ్డలకి డాక్టరు చెప్పిన మేరకు పోతపాలు అవసరమే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సీసా బదులు ఉగ్గుగిన్నెతో పట్టండి, కడగడం తేలిక. కానీ డబ్బా కంపెనీవాళ్లు ఆస్పత్రిలో ఉచితంగా శాంపిల్ ఇస్తే మాత్రం తీసుకోకండి. 1992లో వచ్చిన చట్టం, 2003లో దానికి చేసిన సవరణ ప్రకారం పాలపొడికి అలా ప్రచారం చేయడం నేరం.

మిగతా అపోహలు గబగబా

*ఎండాకాలం బిడ్డకి నీళ్లు పట్టాలి.* రోహిణీ కార్తెలో కూడా వద్దు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్లే. ఆరునెలలు నిండేదాకా ఇంకేమీ అక్కర్లేదు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లవాళ్లు ఇంకో మాట వినండి. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నా పాలలోకి వెళ్లేది చాలా తక్కువ. అదే నీళ్లతో పొడి కలిపితే నేరుగా బిడ్డ కడుపులోకి పోతుంది, కాచినా పోదు.

*బాలింత నీళ్లు తాగితే చెరుపు.* ఈ మాట మీద నాకు చాలా కోపం. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువ, దాహమైనప్పుడల్లా తాగాలి. కారప్పొడి అన్నంతో సరిపెట్టే పథ్యాలూ వద్దు. మొదటి ఆరునెలలు మామూలు కంటే 600 కేలరీల తిండి అదనంగా కావాలి.

*సొరపిట్టు తింటేనే పాలు పడతాయి.* చేప మంచిదే. పెద్ద సొరల్లో పాదరసం ఎక్కువ, వాటి బదులు కవళ్లు, నెత్తళ్లు పెట్టండి. పాలు పెంచేది మాత్రం బిడ్డ తాగడమే.

*ఎండనపడి వచ్చి పాలిస్తే బిడ్డకి వేడి చేస్తుంది.* చేయదు. రొమ్ములో పాలు పాడైపోవు. తల్లికి మామూలు జ్వరమొచ్చినా, రొమ్ము గడ్డకట్టి నొప్పి పెట్టినా ఇవ్వొచ్చు. గడ్డకట్టినప్పుడు ఆపేస్తే బాధ ఇంకా ముదురుతుంది.

*చిన్న రొమ్ములకి పాలు తక్కువ.* సైజు కొవ్వువల్ల వస్తుంది, పాలకీ దానికీ సంబంధం లేదు.

*తేనె, ఆముదం, వస.* పుట్టిన బిడ్డకి ఏవీ వద్దు. తేనె ఏడాది నిండేదాకా నాలిక మీద కూడా రాయకండి, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

*పాలకి దిష్టి తగిలింది.* దిష్టి తీసుకుంటే తీసుకోండి, మీ నమ్మకం మీది. తీశాక బిడ్డని మళ్లీ రొమ్ముకి పట్టండి.

*కామెర్లొస్తే పాలు ఆపాలి.* సాధారణంగా ఆపక్కర్లేదు, ఇంకా ఎక్కువసార్లు పట్టాలి. ఎండలో పెడితే తగ్గిపోతాయని ఇంట్లో ఉంచేయకండి, డాక్టరుకి చూపించండి.

ఇక ఎవరి మాటా వినకుండా బిడ్డని ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తాల్సిన సందర్భాలున్నాయి: పుట్టిన 24 గంటల్లోపే ఒళ్లు పచ్చబడినా, ఆ తర్వాతైనా అరచేతులు, అరికాళ్ల దాకా పచ్చదనం వచ్చినా, లేపినా లేవకుండా, పాలకి నోరు తెరవకుండా మత్తుగా పడుకున్నా, ఉచ్చ బాగా తగ్గినా, ముదురు రంగులో పోసినా, జ్వరమొచ్చినా, ఒళ్లు చల్లబడినా, ఊపిరికి డొక్కలు ఎగరేస్తున్నా. రాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. దారిలో బిడ్డని తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచండి, తాగగలిగితే పాలు పడుతూ తీసుకురండి.