వచ్చాయి సరే, ఉన్నాయా?

విశాఖపట్నం,
జూన్ 20

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

బడులు తెరిచిన వారంలోనే మీలో ఒక అమ్మాయి నోటుపుస్తకం పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. సెలవుల గురించి తాను రాసుకున్న వ్యాసంలో ‘ఐ హ్యావ్ గాన్ టు ద బీచ్ యెస్టర్‌డే’ అన్న వాక్యం కింద టీచరుగారు ఎర్ర సిరాతో గీత గీశారు. “నిన్న వెళ్ళిన మాట నిజమే కదా తాతయ్యా, తప్పెక్కడుంది? అసలు అయిపోయిన పనిని చెప్పే ఈ ‘హ్యావ్ గాన్’ రూపాన్ని ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ అని, అంటే ఇప్పటిదన్నట్టు, ఎందుకంటారు?” అని అడిగింది. రెండో ప్రశ్న చాలా గట్టి ప్రశ్న. దానికి జవాబు దొరికితే మొదటిదానికి జవాబు దానంతట అదే దొరుకుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మన తీరంలో మరబోట్ల వేట ఆగిపోతుందని మీకు తెలుసు. ఇప్పుడు నిషేధం ముగిసి బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాయి. వాటిని తలచుకోగానే నాకు మా నాన్నగారి ప్రశ్న ఒకటి గుర్తొచ్చింది.

నా చిన్నతనంలో మేము వన్‌టౌన్‌లో ఉండేవాళ్ళం. ఆదివారం తెల్లవారగానే, తెప్పలు ఒడ్డుకు వచ్చాయేమో చూసి రమ్మని నాన్నగారు నన్ను పంపేవారు. ఒకనాడు నేను దారిలో గోళీలాట దగ్గర నిలబడిపోయి, బాగా పొద్దెక్కాక ఒడ్డుకు చేరి, తడి ఇసుకమీద మెరుస్తున్న నాలుగు పొలుసులను మాత్రం చూసి, పరుగున ఇంటికి వచ్చి “చేపలు వచ్చాయి నాన్నా” అన్నాను. ఆయన సంచీ అందుకోబోయి ఆగి, “వచ్చాయి సరే, ఉన్నాయా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అమ్మవలసినవన్నీ అమ్ముకొని అందరూ వెళ్ళిపోయారు.

ఇంగ్లీషువాడు ఈ రెండు సంగతులకూ రెండు క్రియారూపాలు పెట్టుకున్నాడు. ‘ద ఫిష్ కేమ్’ అంటే వచ్చాయి, అంతే. ఇప్పుడు ఉన్నాయో లేవో ఆ మాట చెప్పదు. ‘ద ఫిష్ హ్యావ్ కమ్’ అంటే వచ్చాయి, సంచీ తీసుకొని బయలుదేరవచ్చు. పని నిన్నటిదైనా మొన్నటిదైనా దాని ఫలం ఈ క్షణాన గంపలో ఉంది కనుకనే దానికి ప్రెజెంట్ అన్న పేరు వచ్చింది.

ఇక్కడ ‘హ్యావ్’ ఎందుకు వచ్చిందో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఈ వాక్యం ‘పట్టిన చేప నా దగ్గర ఉంది’ అన్న అర్థంతోనే మొదలైంది. ‘ఐ హ్యావ్ ద ఫిష్ కాట్’ అన్నట్టు ఉండేది. కాలక్రమంలో మాటలు అటూ ఇటూ జరిగి ‘ఐ హ్యావ్ కాట్ ద ఫిష్’ అయింది. అందుకే ‘హ్యావ్’ పక్కన క్రియ మూడో రూపమే రావాలి. అది పట్టడాన్ని కాదు, పట్టబడి ఉన్న స్థితిని చెబుతుంది. గో, వెంట్, గాన్. ఈట్, ఏట్, ఈటెన్. కట్, కట్, కట్. వీటిని కంఠతా పట్టడమే మార్గం. ‘ఐ హ్యావ్ వెంట్’ అని మాత్రం ఎన్నడూ రాయకండి.

ఈ గంపను నేను ఇంకొంచెం దూరం మోస్తాను. ‘ఐ హ్యావ్ ఈటెన్’ అంటే గంపలో చేప లేదు కానీ కడుపు నిండుగా ఉంది, కనుక ఇప్పుడు నాకు వడ్డించవద్దు. ‘ఐ హ్యావ్ లాస్ట్ మై కీ’ అంటే గంపలో ఉన్నది తాళంచెవి లేని లోటే; ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉన్నాను. ‘షి హ్యాజ్ గాన్ టు అరకు’ అంటే ఆమె ఇంకా అక్కడే ఉంది. ‘షి హ్యాజ్ బీన్ టు అరకు’ అంటే వెళ్ళి వచ్చింది, ఆ కొండల జ్ఞాపకం ఆమె గంపలో ఉంది. మన అమ్మాయి నా ఎదురుగా కూర్చొని ‘ఐ హ్యావ్ గాన్ టు ద బీచ్’ అంటే ఎలా కుదురుతుంది? పైగా ‘యెస్టర్‌డే’ అని కూడా చేర్చింది. ‘హ్యావ్’ చూసేది ఇవాళ్టి గంపను. ‘నిన్న’, ‘పోయిన ఆదివారం’, ‘2014లో’ అని ముగిసిన కాలాన్ని పేరు పెట్టి చెప్పామంటే గంప దించేసినట్టే. అప్పుడు ‘ఐ వెంట్ టు ద బీచ్ యెస్టర్‌డే’ అనాలి. ‘జస్ట్’, ‘ఆల్‌రెడీ’, ‘ఎవర్’ వంటి మాటలకైతే ‘హ్యావ్’ పక్కన హాయిగా చోటుంది.

మన తెలుగువాళ్ళం ఎక్కువగా తడబడేది మరో చోట. ‘పదేళ్ళ నుంచి విశాఖలో ఉంటున్నాను’ అన్న అలవాటుతో ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అనేస్తాం. ఇంగ్లీషు ఆ పదేళ్ళనూ గంపలో పోగు చేసుకుంటుంది: ‘ఐ హ్యావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’. ఎంత కాలమో చెప్పడానికి ‘ఫర్’, ఎప్పుడు మొదలైందో చెప్పడానికి ‘సిన్స్’ వాడాలి.

‘హ్యాడ్’ సంగతి మీ పెద్దలకు గుర్తున్న ఒక రోజుతో చెబుతాను. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను మన ఊరిని తాకింది. ఇల్లంతా ఊగుతున్నట్టున్న ఆ హోరు తగ్గాక, సాయంత్రం మేము తలుపు తీసేసరికి వాకిట్లో వేపచెట్టు పడిపోయి ఉంది. వేళ్ళకు అంటుకున్న ఎర్రమట్టి మీద నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. ‘వెన్ వి ఓపెన్డ్ ద డోర్, ద ట్రీ హ్యాడ్ ఫాలెన్.’ ఇక్కడ ‘ఫెల్’ అంటే మేము తలుపు తీయగానే, మా కళ్ళముందే కూలిందని అర్థం వస్తుంది. జరిగిపోయిన రెండు పనుల్లో ముందు జరిగినది ఏదో ‘హ్యాడ్’ చెబుతుంది. ‘పడిపోయి ఉంది’ అన్న మన మాటనూ గమనించండి. వాళ్ళు ‘కలిగి’ చెప్పేదాన్ని మనం ‘ఉండి’ చెబుతాం. రావడం, పోవడం వంటి క్రియలకు వెనకటి ఇంగ్లీషులో వాళ్ళు కూడా ‘హి ఈజ్ కమ్’ అని ‘ఉండి’ చెప్పినవాళ్ళే. ఎక్కడో చల్లటి దీవిలో పుట్టిన భాషకూ మన భాషకూ ఒకే ఆలోచన తట్టడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఇక ‘విల్ హ్యావ్’ మిగిలింది. దాన్ని నేను చెప్పను, మీరే వెళ్ళి చూడండి. వచ్చే ఆదివారం అమ్మనో నాన్ననో వెంటబెట్టుకొని తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బరుకు వెళ్ళండి. మీరు చేరేసరికి కొన్ని బోట్లు వచ్చి ఉంటాయి: ‘సమ్ బోట్స్ విల్ హ్యావ్ కమ్ బ్యాక్’. ఐసు మీద పరిచిన వంజరం చేప కన్ను ఎలా ఉందో, గంప ఎత్తుకునే ముందు ఆ అమ్మ తలమీద చుట్ట ఎలా సర్దుకుంటుందో దగ్గరగా చూడండి. ఇంటికి రాగానే చూసినవాటిని ‘ఐ హ్యావ్ సీన్’ అని అయిదు వాక్యాల్లో రాయండి. మర్నాడు అవే అయిదు వాక్యాలను ‘యెస్టర్‌డే’ చేర్చి మళ్ళీ రాసి, రెండు కాగితాలూ నాకు పంపండి.

మీ తాతయ్య